దాచుకునే మొక్క, ఖర్చుపెట్టే మొక్క

నర్సరీలో "నీళ్ళు పెద్దగా అడగదండీ" అనే భరోసా ముఖ్యంగా రెండు పూలమొక్కల విషయంలో వినిపిస్తుంది. ఒకటి అడీనియం. రెండోది గడ్డి గులాబీ. దాన్నే కొందరు టేబుల్ రోజ్ అంటారు, కొందరు నాచుపూలు అంటారు. రెండూ సక్యులెంట్లే. మే నెల ఎండకు మందారాలు మొగ్గలు రాల్చేసి, రోజా ఆకులు మాడ్చుకుని కూర్చున్నప్పుడు మిద్దె మీద రంగు నిలబెట్టేవి ఈ రెండే. పోలిక అంతటితో సరి. నర్సరీవాడి మాట నమ్మి రెండు కుండీలనూ పక్కపక్కన పెట్టి, ఒకే మగ్గుతో ఒకే లెక్కన నీళ్ళు పోసేవారి ఇంట్లో ఏడాది తిరిగేలోపు ఏదో ఒకటి పోతుంది. చాలాసార్లు పోయేది ఖరీదైనదే.

ఖరీదు సంగతి ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ రెండు మొక్కల మీద మన అభిప్రాయాలను సగం తయారుచేసింది అదే. హైదరాబాదు నర్సరీ మేళాలో అడీనియం స్టాలు ముందు నిలబడ్డవాళ్ళను గమనించండి. పువ్వు వైపు చూసేవాళ్ళు తక్కువ. చూపంతా మొదలు మీదే, అంటే కాడెక్స్ అని అందరూ పిలిచే ఆ ఉబ్బిన కాండం మీదే. మొదలు ఎంత లావు, వేళ్ళు ఎలా మెలికలు తిరిగాయి, వయసెంత అని అడుగుతారు. ధర వందల్లో మొదలై వేలకు పోతుంది. గడ్డి గులాబీకి ఇంత వైభవం లేదు. కొన్నవాళ్ళకంటే అడిగి తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. పక్కింటి గోడ మీంచి వేలాడే తీగను వేలెడు తుంచుకొస్తే సరిపోయే మొక్కకు ఎవరు మాత్రం డబ్బు పెడతారు? ఊరికే వచ్చింది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. డబ్బు పోసి తెచ్చుకున్నది కాబట్టి అడీనియం గురించి అవసరానికి మించి ఆలోచిస్తారు. మొదటిది అశ్రద్ధవల్ల చిక్కిపోతుంది, రెండోది అతిశ్రద్ధవల్ల కుళ్ళిపోతుంది.

రెండిటి పుట్టిళ్ళూ దూరమే. అడీనియం ఆఫ్రికాలో సెనెగల్ నుంచి సహారా దిగువ ప్రాంతాల మీదుగా అరేబియా దాకా పెరుగుతుంది. యూరప్ వృక్షశాస్త్రానికి దాన్ని పరిచయం చేసిన పీటర్ ఫోర్‌స్కాల్ డెన్మార్క్ రాజు పంపిన యాత్రలో యెమెన్ చేరి, 1763లో అక్కడే మలేరియాతో చనిపోయాడు. అతని రాతప్రతులను సహయాత్రికుడు కార్‌స్టెన్ నీబూర్ 1775లో అచ్చువేయించాడు. ఫోర్‌స్కాల్ దీన్ని గన్నేరు జాతిలో చేర్చాడు. తర్వాతివాళ్ళు వేరే ప్రజాతి చేసినా అతని చూపులో పొరపాటేమీ లేదు. గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, అడీనియం అన్నీ ఒకే కుటుంబం. గడ్డి గులాబీది దక్షిణ అమెరికా. జాన్ గిల్లీస్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఆండీస్ పర్వతాల పాదాన, అర్జెంటీనాలోని మెండోజా ప్రాంతంలో దాన్ని చూశాడు. 1829లో విలియం హుకర్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని దగ్గరి చుట్టం మన వంటింట్లోనే ఉంది: పప్పులో వేసుకునే గంగవావిలి కూర. కూర ఆకును గిల్లి చూసి, పక్కన గడ్డి గులాబీ కాడను గిల్లి చూస్తే బంధుత్వం వేళ్ళకే తెలుస్తుంది. అదే జిగురు, అదే నీటి కండ.

ఎండను తట్టుకోవడంలో ఈ రెండూ ఒకే పాఠశాలలో చదువుకోలేదు. చెరువు కింద మడికీ, మెట్ట చేనులో కొర్రకూ ఉన్నంత తేడా ఉంది. అడీనియం తన చెరువును తనే మోస్తుంది. వానల్లో మొదలులో నీళ్ళు నింపుకుని, కరువు రాగానే ఆకులు రాల్చి, ఆ నిల్వ మీద నెలల తరబడి ఏమీ చేయకుండా కూర్చుంటుంది. గడ్డి గులాబీకి దాచుకోవడం అంతగా రాదు. చిక్కటి ఆకులో, కాడలో కొద్దిరోజులకు సరిపడా తడి ఉంచుకుంటుంది, అంతే. దాని బలమంతా వేగంలో ఉంది. గబగబా పెరగడం, పూయడం, గింజ రాల్చడం, ఎండిపోవడం. మళ్ళీ తడి తగిలితే ఆ గింజతోనో, విరిగి పడ్డ కొమ్మతోనో మొదలుపెట్టడం. మొదటిది మొక్కగా బతికి బట్టకడుతుంది. రెండోది వంశంగా బతుకుతుంది.

ఈ వేగం వెనుక ఒక గొప్ప యంత్రాంగం ఉంది. చాలా మొక్కలు పగలు ఆకురంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. ఆ దారిలోనే నీటినీ పోగొట్టుకుంటాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు లాంటివి ఆ వాయువును చిక్కబరిచి వాడుకునే పద్ధతి కనిపెట్టాయి. దాన్ని సీ-4 అంటారు. ఎండ, వేడి మెండుగా ఉన్నచోట వాటి పంట అందుకే ఎక్కువ. బ్రహ్మజెముడు, కలబంద రాత్రిపూట వాయువును పట్టి నిల్వచేసి, పగలు రంధ్రాలు మూసుకుని వాడుకుంటాయి. దాని పేరు క్యామ్. సాధారణంగా ఒక మొక్కకు ఒక పద్ధతే ఉంటుంది. గడ్డి గులాబీ కుటుంబానికి రెండూ వచ్చు. నీళ్ళున్నప్పుడు జొన్నలా పరిగెత్తుతుంది, కరువొస్తే కలబందలా ఒదుగుతుంది. గంగవావిలి ఆకులో ఈ రెండు పనులూ ఒకే కణాల్లో కలిసి సాగుతాయని 2022లో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపించారు. పది రూపాయలకు కట్ట దొరికే కూరలో ఇంత కథ ఉందని తెలిశాక, మేళాలో వేల రూపాయల కాడెక్స్ చుట్టూ మూగిన జనాన్ని చూస్తే నాకు కాస్త నవ్వొస్తుంది.

నీళ్ళ విషయంలో అడీనియానికి జరిగే అన్యాయం రెండు రకాలు. ఎడారి మొక్క కదా అని ఏప్రిల్, మే నెలల్లో మాడ్చేసేవాళ్ళు ఒక వర్గం. పైన చెప్పిన దాని ఊళ్ళలో వేడీ వానా కలిసే వస్తాయి. వేడిగా ఉన్నప్పుడే అది పెరుగుతుంది, పెరిగేటప్పుడు తాగుతుంది. కుండీలో నీళ్ళు నిలవకుండా కిందికి జారిపోయే మట్టి ఉంటే, మన ఎండాకాలంలో పైమట్టి ఆరగానే నిండుగా పోయొచ్చు. అలా పోసిన మొక్క ఆకుల నిగనిగ, పూల గుత్తులు చూస్తే ఇది కరువు మొక్కేనా అనిపిస్తుంది. రెండో వర్గం డిసెంబరులోనూ అదే లెక్కన పోసేవాళ్ళు. చలికి ఆకు పసుపుపచ్చగా మారి రాలుతుంటే, దాహమేమోనని ఇంకో మగ్గు పోస్తారు. ఆకు లేని మొక్క తాగలేదు. పోసిన నీళ్ళు మట్టిలోనే ఉండిపోయి వేళ్ళను కుళ్ళబెడతాయి. తెలంగాణ, రాయలసీమల్లో రాత్రి చలి గట్టిగా ఉండే వారాల్లో అడీనియానికి నీళ్ళు దాదాపు మానేయడమే సరైన పోషణ.

దాహమా, కుళ్ళా తెలుసుకోవడానికి బొటనవేలు చాలు. మొదలును నొక్కి చూడాలి. చుట్టూ ఒకే తీరుగా కొద్దిగా మెత్తబడి, తోలు ముడతలు పడి ఉంటే అది దాహం; ఒకటి రెండుసార్లు నీళ్ళు పడితే మళ్ళీ బిగుస్తుంది. ఒక పక్కనే, ముఖ్యంగా మట్టిని తాకే చోట, వేలు దిగబడేంత మెత్తగా ఉండి రంగు నల్లబడితే అది కుళ్ళు. అప్పుడు ఎదురుచూడకూడదు. మొక్కను పీకి, మట్టి దులిపి, పదునైన కత్తితో కుళ్ళిన భాగాన్ని కోసుకుంటూ పోవాలి. ఒక్క గోధుమరంగు చుక్క కూడా లేని తెల్లటి కండ వచ్చేదాకా ఆగకూడదు. కోతల మధ్య కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. తర్వాత కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని పొడి అద్ది, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీసి కోత పూర్తిగా ఎండేదాకా ఉంచాలి. వారం పది రోజులు మట్టి లేకుండా ఉన్నా అది చావదు. చెరువు మోస్తున్నందుకు దానికి దక్కే లాభం ఇదే. ఇంత శస్త్రచికిత్స తట్టుకునే పూలమొక్క మన తోటల్లో మరొకటి ఏదీ నాకు గుర్తుకు రావడంలేదు.

గడ్డి గులాబీకి ఇలాంటి చికిత్సలు ఉండవు. కుళ్ళితే పారేసి, మంచి కొమ్మ తుంచి వేరే కుండీలో గుచ్చడమే. ముసురు పట్టిన జులై, ఆగస్టుల్లో కాడలు నల్లబడి జావ అవుతాయి, మబ్బు రోజున మొగ్గ విప్పనే విప్పదు. కోస్తాలో తుపాను వర్షాలకు నిండు కుండీ రెండు రోజుల్లో ఖాళీ అవడం మామూలే. అందుకే తెలిసినవాళ్ళు వానల ముందే నాలుగు కొమ్మలు చూరు కింద చిన్న డబ్బాలో నాటి ఉంచుకుంటారు. దీని పోషణలో నీళ్ళ లెక్క చిన్నది, చేతి పని పెద్దది. నెలా రెండు నెలలకోసారి తుంచకపోతే కాడలు బోడిగా సాగి, చివర్లో మాత్రమే పువ్వు మిగులుతుంది. తుంచిన ముక్కలను అదే కుండీలో గుచ్చితే వారం పది రోజుల్లో వేళ్ళు పట్టి కుండీ ఒత్తుగా నిండుతుంది. "పెట్టి వదిలేస్తే చాలు" అని దీన్ని మెచ్చుకునేవాళ్ళు ఆరు నెలల తర్వాత ఆ కుండీ ఫోటో చూపించరు.

మట్టి గురించి రెండు ముక్కలు చాలు. రెండిటికీ నీరు నిలవకూడదు, కానీ గడ్డి గులాబీ ఎర్రమట్టిలో ఇసుక కలిపితే సర్దుకుపోతుంది. అడీనియానికి ఆ సర్దుబాటు లేదు. కడియం వైపు నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ తరచూ బంకమట్టి ముద్ద ఉంటుంది. గోదావరి గట్టున నర్సరీవారికి అది చేతికందే మట్టి, రవాణాలో వేరు కదలకుండా పట్టుకుంటుంది కూడా. మన కుండీలోకి వచ్చాక మాత్రం ఆ ముద్ద తీసేయాలి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు, కొంచెం పశువుల ఎరువు కలిపిన మిశ్రమం మేలు. కోకోపీట్ ఎక్కువ వేసిన మిశ్రమం పైన ఆరినట్టు కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది. అడీనియం కుళ్ళుకు అదొక పెద్ద కారణం.

ఇక పువ్వు. ఇక్కడే నా పక్షపాతం బయటపడుతుంది. ఉదయం తొమ్మిది, పది మధ్య గడ్డి గులాబీ కుండీ దగ్గర కూర్చుని ఒక ఒంటిరేకు పువ్వును చూడండి. ఐదు రేకులు, పట్టులా మెరిసే నున్నదనం, నడుమ గుత్తుగా పసుపు కేసరాలు. చిన్న తేనెటీగ వచ్చి వాలగానే ఆ కేసరాలు కదులుతాయి. తాకిన వైపుకు వంగి ఈగ ఒంటికి పుప్పొడి పూస్తాయి. గడ్డిపరకతో మెల్లగా తాకినా అదే జరుగుతుంది. కదలిక కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, యంత్రాలేమీ అక్కర్లేదు. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుని తడి ముద్ద అవుతుంది. ఒక్క పూట. కేరళలో దీన్ని పత్తుమణి, అంటే పది గంటల పువ్వు, అని పిలవడం ఇందుకే.

అడీనియం పువ్వు అలా వాకిలి తెరిచి పెట్టదు. బాకా ఆకారపు గొట్టం. లోపల పుప్పొడి తిత్తులన్నీ ఒక శంకువులా అతుక్కుని కీలాగ్రాన్ని కప్పేస్తాయి. వాటి చివర్ల నుంచి సన్నని దారాలు బయటికి వేలాడతాయి. అంత లోపలికి నాలుక చాచగల కీటకం దొరకాలి. మన మిద్దెల మీద అది అరుదు కాబట్టి గింజలు కావాలనుకునేవాళ్ళు పువ్వును చీల్చి, పళ్ళపుల్ల మొనతో పుప్పొడి తీసి మరో పువ్వులో పెడతారు. ఒకసారి విచ్చుకున్న పువ్వు మాత్రం రోజుల తరబడి నిలుస్తుంది. మిద్దెకు అలంకారం కావాలంటే అడీనియమే మేలు. పువ్వు ఏం చేస్తుందో చూడాలనుకుంటే గడ్డి గులాబీ దగ్గర కూర్చోవాలి. రంగుల విషయంలోనూ వీటి దారులు వేరు. అడీనియం ఎరుపు చాలా పూలలో ఉండే ఆంథోసయనిన్లది. గడ్డి గులాబీ ఎరుపు, పసుపు బీట్‌రూట్‌కూ, కోడిజుట్టు పువ్వుకూ, కాగితం పూలకూ రంగునిచ్చే బీటలైన్లవి. ఈ రెండు వర్ణకాల వర్గాలూ ఒకే మొక్కలో కలిసి ఉండటం ప్రకృతిలో కనబడదు. గడ్డి గులాబీలోని ఆ కళ్ళు చెదిరే రాణిరంగు అడీనియంలో ఎంత వెతికినా అచ్చంగా దొరకకపోవడానికి కారణం ఇది.

సంకరాల పిచ్చి రెండిటినీ పట్టింది. థాయిలాండ్, తైవాన్ పెంపకందారులు అడీనియంలో రెండు, మూడు వరుసల రేకుల ముద్ద పూలు తెచ్చారు. గింజ నుంచి తల్లి రంగు అచ్చుగుద్దినట్టు రాదు కాబట్టి వాటిని అంటు కట్టి అమ్ముతారు. లావు మొదలు మీద సన్న పుల్లలు, ఆ పుల్లల చివర నాలుగు రంగుల పూలు. చూడగానే ఆకట్టుకుంటుంది, నిజమే. కానీ అంటు కింద నుంచి వేరుమొక్క చిగుళ్ళు వస్తూనే ఉంటాయి, గిల్లుతూనే ఉండాలి, లేకపోతే అంటు చిక్కిపోతుంది. పైగా ముద్ద పువ్వు వానలో నీళ్ళు పట్టి, రేకుల మధ్య బూజు పెడుతుంది, బరువుకు తలవంచుతుంది. గింజ నుంచి పెంచిన సాదా గులాబీరంగు అడీనియం మొదలుకూ కొమ్మకూ మధ్య ఉండే పొందిక ఈ అంటుల్లో ఉండదు. అయినా జనం దాన్ని "నాటు" అని పక్కన పెడతారు. గడ్డి గులాబీ ముద్దరకానిది ఇంకా పెద్ద నష్టం. కేసరాలే రేకులుగా మారిపోవడంతో, పైన చెప్పిన తేనెటీగ ఆట అందులో సాగదు. నా మాట వింటే రెండిటిలోనూ ఒంటిరేకు రకాలే కొనండి. ఈ మధ్య వెడల్పాటి ఆకులతో గడ్డి గులాబీ పేరుతోనే అమ్ముతున్నది చాలావరకు వేరే జాతి సంకరం. పూలు అంత నున్నగా ఉండవు గానీ మనకు వానల్లో అదే కొంచెం గట్టిగా నిలబడుతుంది; దాన్ని తీసిపారేయనక్కర్లేదు.

గింజల దగ్గర కూడా స్వభావాలు దాగవు. అడీనియం కాయలు జంటగా, కొమ్ముల్లా పెరుగుతాయి. పండి పగిలితే రెండు చివర్లా కుచ్చులున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. అందుకే కాయ చుట్టూ దారం బిగించి కడతారు. గడ్డి గులాబీ కాయ చాలా చిన్నది. పండితే పైభాగం మూతలా ఊడిపోతుంది, లోపల ఉక్కురంగు గింజలు ధూళిలా ఉంటాయి. వాటిని ఎవరూ కట్టరు. మరుసటి ఏడు పక్క కుండీల్లో, గచ్చు పగుళ్ళలో అవే మొలుస్తాయి.

చీడల్లో పిండినల్లి రెండిటికీ ఉమ్మడి శత్రువు. అడీనియానికి ప్రత్యేకంగా గన్నేరు, నందివర్ధనం ఆకులు తినే పెద్ద ఆకుపచ్చ పురుగు వస్తుంది. తల వెనుక కళ్ళలాంటి రెండు నీలి మచ్చలు ఉంటాయి. ఒక్క రాత్రిలో కొమ్మలు బోడి చేస్తుంది. చేత్తో ఏరేస్తే చాలు, మందు అక్కర్లేదు. అసలు జాగ్రత్త పురుగు గురించి కాదు, మొక్క రసం గురించి. గన్నేరు కుటుంబం కదా. దీని రసంలో గుండె మీద పనిచేసే విషాలున్నాయి. ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసేవారు. కొమ్మలు కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాకే పిల్లలు, నమిలే కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో కుండీని అందనంత ఎత్తులో పెట్టాలి. అమ్మేవాళ్ళు ఈ ఒక్క విషయం చెప్పకపోవడం నాకు ఎప్పుడూ కోపం తెప్పిస్తుంది.

వానలు ముంచుకొస్తున్న జూన్‌లో మేళాలో అడీనియం చూసి మనసుపడ్డవాళ్ళకు నా సలహా, కొనకండి. ఫిబ్రవరి, మార్చిలో కొనండి. అప్పుడు తెచ్చి, మట్టి మార్చి, కొమ్మలు కత్తిరిస్తే ప్రతి కోత దగ్గరా రెండు మూడు చిగుళ్ళు వచ్చి వాటి చివర ఎండాకాలమంతా పూస్తుంది, వానలు వచ్చేసరికి వేళ్ళు కుదురుకుని ఉంటాయి. ఈలోగా మిద్దె మీద ఎండ తగిలే చోట ఒక వెడల్పాటి తొట్టి ఖాళీగా ఉంటే, గడ్డి గులాబీ పూస్తున్న ఇల్లు చూసుకుని నాలుగు రంగులవి నాలుగు కొమ్మలు అడగండి. ఎవరూ డబ్బు తీసుకోరు.